నీళ్ళ బొంగురు

భైరవపట్నం మహానగర పాలక సంస్థ కమిషనర్ గారు ఏదో చల్లటి కొండమీద జరిగిన పరిపాలనా శిక్షణకి వెళ్ళారు. అలాంటి చోటికి వెళ్ళినవాళ్ళు శాలువాలో, తేనె సీసాలో తెచ్చుకుంటారు. ఈయన ఒక వాక్యం తెచ్చుకున్నారు. భోజనాలయ్యాక హాలు హాలంతా కునికిపాట్లు పడుతుంటే, వేదిక మీద ఉపన్యాసకుడెవరో “నిజమైన బాధ గొంతులో జీరగా పలుకుతుంది” అన్నాడట. సరిగ్గా ఆ వాక్యం దగ్గర కమిషనర్ గారికి మెలకువ వచ్చింది. అంతకు ముందుదీ వినలేదు, ఆ తరవాతదీ వినలేదు. మళ్ళీ నిద్రపోయారు. లేచి, ఊరికొచ్చి, సర్క్యులర్ ఇచ్చేశారు.

“నగర పౌరుల నుండి దినదినము అసంఖ్యాకముగా ఫిర్యాదులు అందుచున్నవి. ఇందు ఏది వాస్తవమైన బాధయో, ఏది కేవలము కాలక్షేపమో తేల్చుటకు ఇంతవరకు శాస్త్రీయమైన పద్ధతి లేకపోయినది. నిజముగా బాధపడిన పౌరుడు ఇంటను, వీధిని, వార్డు కార్యాలయమునను అరచి అరచి యుండును. కావున అతని కంఠము బొంగురుపోయి యుండవలెను. బొంగురుపోని కంఠముతో చేయబడిన ఫిర్యాదు అసంపూర్ణ బాధగా పరిగణింపబడి త్రోసిపుచ్చబడును.”

ఈ సంగతి ఊళ్ళో అందరికంటే ముందు తెలిసింది రంజనికే. ఎందుకంటే ఊరి గొంతు ఆవిడదే. ఉల్లిపాయల ఆటో వచ్చినా, చీరల ఎగ్జిబిషన్ పెట్టినా, పొద్దున్నే చెత్త బండి సందులోకి తిరిగినా మైకులో వినపడేది రంజని మాటే. స్టీలు గ్లాసుకి చెంచా తగిలినట్టు ఖంగుమని, ఎక్కడా మరక లేకుండా ఉంటుంది ఆ గొంతు. బయటి చప్పుడు రాకుండా గోడలనిండా గుడ్ల అట్టలు అంటించిన చిన్న స్టూడియో గదిలో, మైకు ముందు నిలబడి, ఆవిడ సంపాదించుకునేదంతా ఆ గొంతు మీదే.

పాలక సంస్థ వాళ్ళు ఫిర్యాదుల ఫోను కోసం కొత్త ప్రకటన చదవమని ఆ గదికే కాగితం పంపించారు. రంజని చదివింది.

“ఫిర్యాదుల విభాగానికి స్వాగతం. మీ గొంతే మాకు ప్రమాణం. బీప్ శబ్దం తరవాత ‘అయ్యా’ అని దీర్ఘంగా పలకండి.” అది అయ్యాక రెండోది: “క్షమించండి. మీ గొంతు తగినంత బొంగురుగా లేదు. దయచేసి మరికొంత బాధపడి, మళ్ళీ ప్రయత్నించండి.”

“ఇదేదో కామెడీ ప్రోగ్రామా?” అని అడిగింది రికార్డింగ్ కుర్రాణ్ణి, పడీ పడీ నవ్వుతూ. ఆ నవ్వు తగ్గడానికి రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగాల్సొచ్చింది.

ఆ నవ్వు సోమవారం దాకా నిలవలేదు. సోమవారం పొద్దున్న గొడుగుల వీధిలో కుళాయి తిప్పితే పలచటి టీ రంగులో నీళ్ళొచ్చాయి. వాసన మాత్రం టీది కాదు. పక్కనే మురుగు కాలవ, కాలవ కిందే పైపు, ఎక్కడో రెండూ కలిసిపోయాయి. పోయినేడు ఇలాగే కలిసిపోతే రంజని కూతురు ప్రణమ్యకి కామెర్లొచ్చి, పసుపు తిరిగిన కళ్ళతో ఆస్పత్రి మంచం మీద “అమ్మా, దాహం” అని ఏడ్చింది. ఆ దాహం అన్న మాట రంజని ఒంట్లో ఇంకా అలాగే ఉండిపోయింది. రెండోసారి ఆ మాట వినే ఓపిక ఆవిడకి లేదు.

గబగబా ఫిర్యాదుల నంబరు నొక్కింది. తన గొంతే ఎత్తింది.

“ఫిర్యాదుల విభాగానికి స్వాగతం. మీ గొంతే మాకు ప్రమాణం...”

“అయ్యాఆఆ,” అంది రంజని.

“క్షమించండి,” అంది రంజని, అటువైపు నుంచి. “మీ గొంతు తగినంత బొంగురుగా లేదు. దయచేసి మరికొంత బాధపడి...”

తన గొంతు చేత తనే తిట్టించుకున్నట్టయింది. ఫోను పెట్టేసి, చెప్పులేసుకుని, ఆఫీసుకే వెళ్ళిపోయింది.

అక్కడ పాత స్టోరు రూము ఖాళీ చేసి ‘కంఠ నిర్ధారణ విభాగం’ పెట్టారు. బల్ల వెనక కూర్చున్నాయన పేరు భీమశంకరం, ఇన్‌చార్జి స్వర నిర్ధారణాధికారి. మనిషి పేరుకి తగ్గట్టు నిలువెత్తు విగ్రహం. నోరు విప్పితే మాత్రం కొత్త చెప్పులు కిర్రుమన్నట్టు కీచుమనే గొంతు.

“కూర్చోనక్కర్లేదు. నిలబడితేనే గొంతు నిటారుగా ఉంటుంది,” అన్నాడాయన. “ఊఁ. చెప్పండి.”

“అయ్యా, మా గొడుగుల వీధి కుళాయిలో కాలవ నీళ్ళు...”

“చాలు చాలు. విషయం అక్కర్లేదమ్మా. విషయం ఎవరైనా చెప్తారు.” కళ్ళు మూసుకుని ఆ గొంతుని లోపల చప్పరించాడు. “గరుకు లేదు. పగులు లేదు. తడి ఉంది. ఇంత హాయిగా ఉన్న గొంతుతో కష్టం చెప్పుకుంటే ప్రభుత్వం ఎలా నమ్ముతుందండీ?”

“నీళ్ళు చూసి నమ్మండి సార్. సీసాలో పట్టుకొచ్చాను.”

“నీళ్ళని నిర్ధారించే అధికారం ఈ విభాగానికి దఖలు పరచబడలేదు.”

ఆయన వెనక గోడకి అద్దం బిగించిన ఒక పట్టిక ఉంది. కమిషనర్ గారు వేసిన కంఠ పదావళి ఉపసంఘం, అప్పడాలూ వడలూ నంజుకుంటూ, వాదించీ వాదించీ తేల్చిన పట్టిక అది. ప్రజల గొంతులో కొంచెం పొర ఉంటే ‘జీర’, అంటే పరిశీలనార్హం. ఇంకాస్త రాపిడి ఉంటే ‘గరగర’, అంటే నమోదు యోగ్యం. మాట సగం గాలైపోతే ‘బొంగురు’, అంటే సందర్శన యోగ్యం. పెదాలు కదలడం తప్ప ఇంకేం లేకపోతే ‘పూడిక’, అంటే తక్షణ చర్య.

దాని కింద సిబ్బందికి వేరే వరస. అదే లోతు, అదే గరుకు, అదే దగ్గు. మనిషి మారితే మాట మారుతుంది. గుమాస్తా అయితే ‘ముతక గొంతు’. సూపరింటెండెంట్ అయితే ‘నిండు గొంతు’. ఉప కమిషనర్ అయితే ‘గంభీరం’. కమిషనర్ అయితే ‘మంద్ర గంభీరం’. ప్రతిపక్ష కార్పొరేటర్లకి మాత్రం, లోతు ఎంతున్నా, ‘గాండ్రింపు’. మొన్న కమిషనర్ గారికి జలుబు చేస్తే నోటీసు బోర్డులో “ఈ దినము కమిషనర్ గారి గాంభీర్యము మోతాదు మించి యున్నందున సమీక్షా సమావేశము వాయిదా వేయడమైనది” అని పెట్టారు.

రంజని పట్టికంతా చదివింది. “మరి మీదేం గొంతు సార్?”

భీమశంకరం మొహం వాడిపోయింది. “నాది ఇంకా వర్గీకరణలో ఉంది,” అన్నాడు సన్నగా. “తరవాతి వారూ!”

ఆ సాయంత్రం వీధివీధంతా రంజని అరుగు ముందు చేరింది. గొడుగుల వీధిలో ఇప్పుడు గొడుగులు బాగుచేసేవాళ్ళెవరూ లేరు గానీ, ఆటోవాళ్ళూ, ఓడరేవు కూలీలూ, చేపలమ్మే అప్పలకొండా ఉన్నారు. అప్పలకొండ నోరు తెరిస్తే బండరాళ్ళ మీద పడవ ఈడ్చినట్టుంటుంది.

“ఓలమ్మ, నిన్నెవుడంపీసినాడే ఆ ఆపీసుకి?” అంది అప్పలకొండ. “నీ గొంతుక పాలకోవానాగుంటాది. ఆ గొంతుకతో నాకు కట్టమొచ్చింది బావూ అంటే, ఏటమ్మా ఇంకోటి ఎట్టు తింటాను అంటాడు ఆడు. నానెల్తాను. బుద్ధెరిగిన కాడ్నుంచి సేపలో సేపలని అరిసిన గొంతుక నాది. నా కాడ ఆడి పప్పులుడకవు.”

అందరికీ ప్రాణం లేచొచ్చింది. మర్నాడు రంజనిని తోడు తీసుకుని అప్పలకొండ వెళ్ళింది. భీమశంకరం ముందు నిలబడి “బావూ!” అంది. అంతే, కిటికీ మీద పావురం ఎగిరిపోయింది.

భీమశంకరం కళ్ళు మెరిశాయి. “ఆహా! బొంగురు! నిఖార్సైన బొంగురు!” అని పెన్ను తీశాడు. రంజని గుండెలమీద చెయ్యేసుకుంది. ఆయన పెన్ను ఆగిపోయింది. “అమ్మా, ఈ బొంగురు మీకు ఎందువల్ల సంప్రాప్తించింది?”

“సేపలమ్మి బావూ.”

“అయ్యయ్యో.” పెన్ను మూత పెట్టేశాడు. “ఇది చేపల బొంగురు. మీ ఫిర్యాదు నీళ్ళది. చేపల బొంగురుతో నీళ్ళ ఫిర్యాదు స్వీకరిస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. మీకు నీళ్ళ బొంగురు కావాలి.”

“సేపలు నీళ్ళల్లో ఉండవేటి?”

“అది మత్స్యశాఖ పరిధి.”

బయటికొచ్చాక అప్పలకొండ నోట్లోంచి వచ్చిన మాటలు ఏ పట్టికలోకీ ఎక్కవు.

ఇలాంటి తిరస్కారాలు ఊరంతా జరుగుతున్నాయి కదా, ఊరు ఊరికే కూర్చుంటుందా? కూర్చోలేదు. వీధి దీపాలు వెలగని వాళ్ళు దీపాల బొంగురు కోసం, పింఛను ఆగినవాళ్ళు పింఛను బొంగురు కోసం అరవడం మొదలెట్టారు. మున్సిపల్ మైదానంలో క్రికెట్ మానేసి పొద్దున్నే వరసల్లో నిలబడి “దోమలూ... దోమలూ...” అని కేకలు పెట్టేవాళ్ళు. ‘బొంగురు విద్యాలయం, మొదటి వారంలోనే జీర గ్యారంటీ’ అని గోడలమీద రాతలు. ఐసు ముక్కలకీ, పచ్చి చింతకాయలకీ గిరాకీ. మిరియాల కషాయం, తేనె, పటికబెల్లం మాత్రం చాటుమాటు సరుకైపోయాయి. గొంతు మెత్తబరిచే పదార్థాలు సాక్ష్యాధారాల్ని తారుమారు చేస్తాయని నిషేధించారు. ఒక ముసలాయన బుగ్గలో లవంగంతో పట్టుబడి పేపర్లోకెక్కాడు. పెళ్ళిచూపుల్లో పాట పాడమనడం పోయి, పిల్లని “ఏదీ, ఒకసారి గట్టిగా దగ్గమ్మా” అనడం వచ్చింది. చెవి ముక్కు గొంతు డాక్టర్ దగ్గరికి జనం బాగుచేయించుకోడానికి కాకుండా పాడుచేయించుకోడానికి వెళ్తే, ఆయన తలుపేసుకుని లోపల కూర్చున్నాడు.

అసలు గమ్మత్తు ‘పూడిక’ వాళ్ళది. అరిచి అరిచి గొంతు పూర్తిగా పోగొట్టుకుని, ఆ పట్టికలో అందరికంటే పై మెట్టు ఎక్కి, తక్షణ చర్యకి అర్హత సంపాదించుకున్నవాళ్ళు. వాళ్ళని గౌరవంగా కుర్చీలో కూర్చోబెట్టి “ఇప్పుడు మీ సమస్య మౌఖికంగా విన్నవించండి” అనేవారు. వాళ్ళు నోరు తెరిచేవారు. గాలొచ్చేది. “ఫిర్యాదీ ఏమియు చెప్పనందున సమస్య లేనట్లు భావించి ముగించడమైనది.” తక్షణ చర్య కదా, ఆ ముగించడం కూడా అక్కడికక్కడే.

రంజని ఇదంతా చూసింది. అంటే పూడిక దాకా పోకూడదు, జీర దగ్గర ఆగకూడదు. కచ్చితంగా బొంగురు మీద నిలబడాలి, అదీ నీళ్ళ బొంగురు. కానీ అరిస్తే ఉన్న గొంతు పోతుంది, గొంతు పోతే తిండి పోతుంది. అరవకపోతే ప్రణమ్య ఆ నీళ్ళు తాగాలి. కొనుక్కొచ్చిన డబ్బా నీళ్ళు ఇంట్లో తాగిస్తుంది సరే, బయట పంపు కింద నోరు పెట్టే పిల్లని ఎక్కడని కాపలా కాస్తుంది?

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి, తను మైకు మనిషని. రికార్డింగులో దెయ్యం నాటకమైతే ముసలి దెయ్యం తనే, పిల్ల దెయ్యం తనే. గుడ్ల అట్టల గదిలో తలుపేసుకుని మొదలెట్టింది. గొంతు నొక్కకుండా, ఊపిరి సగం ముందే వదిలేసి, మాటని నాలిక వెనక్కి దొర్లించి, గడ్డం కొంచెం కిందకి దించి... మొదట కప్ప వచ్చింది. తరవాత ఎవరో సన్యాసి వచ్చాడు. ఒకసారి వాళ్ళ మావగారు వచ్చారు, అది విని రంజనే జడుసుకుంది. చివరికి వచ్చేసింది: గాలీ, గరుకూ, మధ్యలో పగిలే మాటా. లోపల అసలు గొంతు పట్టుచీరలా మడత పెట్టి భద్రంగా ఉంది.

ఆ సాయంత్రం డ్యూటీలోంచి ఇంటికి ఫోన్ చేసిన భర్త “ఎవడ్రా నువ్వు? మా ఇంట్లో ఫోనెందుకు ఎత్తావు?” అని గద్దించాడు. పరీక్షకి సిద్ధమైనట్టేనని రంజనికి నమ్మకం కుదిరింది.

ప్రత్యక్ష శ్రవణ దినాన కమిషనర్ గారే స్వయంగా వేంచేశారు. ఆయన కుర్చీలో సర్దుకుంటూ “ఊఁ” అంటే చాలు, పక్కనున్న ఉప కమిషనర్ “ఎంత గంభీరం సార్” అనేవాడు, వెంటనే నాలిక కరుచుకుని “మంద్ర గంభీరం సార్” అని దిద్దుకునేవాడు.

“పేరు?” అన్నాడు భీమశంకరం.

“రంజని,” అంది రంజని, ఇసక జల్లించినట్టు.

“ఎందువల్ల ఈ బొంగురు?”

“నీళ్ళ వల్ల బాబూ. వార్డాఫీసులో అరిచాను, జోనలాఫీసులో అరిచాను, కుళాయి ముందు నిలబడి కుళాయినీ అరిచాను.”

“కుళాయిని కూడానా!” కమిషనర్ గారు ముందుకు వంగారు. “సంతోషం. ఏదీ, నవ్వండి.”

నవ్వింది. బొంగురుగా.

“తుమ్మండి.”

తుమ్మింది. తుమ్ము కూడా గరుకే.

“మీ సంతానాన్ని భోజనానికి పిలవండి.”

“ప్రణమ్యా, అన్నం చల్లారిపోతోందే!” హాల్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

అంతలో, ఆకస్మిక కేక పరీక్ష నిబంధన ప్రకారం, అటెండరు వెనకనుంచి ఒక ప్లాస్టిక్ బల్లిని ఆవిడ భుజం మీద వేశాడు. ఇక్కడే చాలామంది పట్టుబడేవారు. ఎంత సాధన చేసినవాడైనా బల్లి పడితే అసలు గొంతుతోనే కేక పెడతాడు. రంజని ఒళ్ళు జలదరించింది. ఖంగుమనే కేక గొంతుదాకా వచ్చేసింది కూడా. ఒక్క క్షణం పాప పసుపుపచ్చ కళ్ళు కనపడ్డాయి. కేక వెనక్కి తిరిగి, బొంగురు వేషం వేసుకుని, బయటికొచ్చింది.

“బల్లీఈఈ...!”

కమిషనర్ గారు లేచి నిలబడ్డారు. “భీమశంకరం గారూ, వినండి! ఇదీ బాధ అంటే! నేను కొండమీద విన్నది సరిగ్గా ఇదే!” ఆ తరవాత, ఇన్ని రోజుల్లో మొట్టమొదటిసారి, పాలక సంస్థ తరఫున ఒకరు అడిగారు: “ఇంతకీ సమస్య ఏమిటమ్మా?”

వారం తిరక్కుండా గొడుగుల వీధి తవ్వారు. కాలవకి దూరంగా కొత్త పైపు వేశారు. కుళాయి తిప్పితే నీళ్ళు తెల్లగా, నిండుగా, దబదబా పడ్డాయి. అప్పలకొండ దోసిలి పట్టి తాగి, మిగిలినవి రంజని నెత్తిమీద జల్లి, “నువ్వు మనిసివి కాదే, నటనా సెరస్వతివి!” అంది. పిల్లలు తడిసి ముద్దయ్యేదాకా గంతులేశారు. ప్రణమ్య నేరుగా కుళాయి కింద నోరు పెట్టి తాగుతుంటే, రంజని మొదటిసారి దాన్ని వెనక్కి లాగలేదు.

మరో నాలుగు రోజులకి భీమశంకరం వీధిలోకి వచ్చాడు. తియ్యగా తలూపుతూ అందరితోనూ మాట్లాడాడు, అందరి మాటా విన్నాడు. తరవాత గొంతు సవరించుకున్నాడు.

“ఒక చిన్న సాంకేతిక అంశం. మీ వీధి గొంతులు బాగుపడినట్లు నా దృష్టికి వచ్చింది.”

“నీళ్ళు బాగయ్యాయి కద బావూ, అరుపులాపీసినాం,” అంది అప్పలకొండ.

“అదేనమ్మా చిక్కు. గొంతు బాగుంటే బాధ లేనట్టు. బాధ లేకపోతే సమస్య లేనట్టు. సమస్య లేనిచోట మరమ్మతు చేయడం నిధుల దుర్వినియోగం. దుర్వినియోగం జరిగినచోట యథాతథ స్థితి పునరుద్ధరించాలి.” వీధి మొదట్లోకి వేలు చూపించాడు. తుప్పుపట్టిన పాత పైపుని ముక్కలు ముక్కలుగా, వరసగా, నంబర్లు వేసి పేర్చిపెట్టారు. “అందుకే పారెయ్యలేదు. ఇహ నుంచి ఏ రోజైనా, ఏ వేళైనా బొంగురు కొనసాగింపు తనిఖీ ఉంటుంది. ఒక్క గొంతు స్పష్టంగా వినపడినా సరే...” పాత పైపుకేసి జాలిగా చూశాడు.

“అంటే నీళ్ళు బాగుండాలంటే, నీళ్ళు బాగులేనట్టు ఉండాలా?” అంది రంజని, ఇసక జల్లిస్తూ.

“చక్కగా క్రోడీకరించారు.”

ఆ రోజు నుంచి రంజని అరుగే బడి. ఆటోవాళ్ళూ, కూలీలూ, బామ్మలూ, బడి పిల్లలూ వరసగా కూర్చుని “ఊపిరి సగం వదలండి, గడ్డం దించండి, నాలిక వెనక్కి” అని నేర్చుకున్నారు. మగాళ్ళకి తొందరగా వచ్చింది. కొత్తగా పెళ్ళైన జంటకి మరీ తొందరగా వచ్చింది, వాళ్ళు మానడానికే ఇష్టపడలేదు. చంటిపిల్లల దగ్గరే ఇబ్బంది. వాళ్ళు నిబంధనలు వినరు, ఏడిస్తే వీణ తీగ మీటినట్టు ఏడుస్తారు. తనిఖీ ఆటో చప్పుడు వినగానే వీధి వీధంతా చంటిపిల్లల్ని ఎత్తుకుని, బొమ్మలాడించి, ఏడవకుండా చూసే బాధ్యత తలా కొంచెం పంచుకుంది.

రంజనికి మాత్రం ఇంకో లెక్క. గుడ్ల అట్టల గదికి వెళ్ళి అసలు గొంతు విప్పితే ఊరంతా వింటుంది, భీమశంకరం కూడా వింటాడు. “ఏవండీ, నా గొంతు పోయిందండీ,” అని స్టూడియోకి బొంగురుగానే ఫోన్ చేసి చెప్పింది. అవతల ఓనరు ఏడ్చినంత పనిచేశాడు. మర్నాటికి ఇంకో అమ్మాయిని పెట్టుకున్నాడు. కొత్త ప్రకటనలన్నీ ఆ అమ్మాయివి. రంజని ఇంటిదగ్గర చీరలకి ఫాల్స్ కుట్టడం మొదలెట్టింది. సూదికి గొంతుతో పనిలేదు కదా.

తరవాతి తనిఖీ బాగానే నడిచింది, ఉల్లిపాయల ఆటో వచ్చేదాకా. భీమశంకరం రంజని గుమ్మంలో నిలబడి “అయ్యా అనండి” అంటున్నాడు, ఆవిడ గరగరమని అంటోంది, సరిగ్గా అప్పుడే ఆటో సందు తిరిగింది. “రండమ్మా రండి, ఉల్లిపాయలమ్మా ఉల్లిపాయలు, తాజా ఎర్ర ఉల్లిపాయలు!” స్టీలు గ్లాసుకి చెంచా తగిలినట్టు. ఆటోవాడు పాత రికార్డింగే వాడుతున్నాడు.

వీధి ఊపిరి బిగపట్టింది. భీమశంకరం ఆటోకేసి చూశాడు, రంజనికేసి చూశాడు. లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

“అది మీ గొంతే.”

“నా పాత గొంతు సార్. నీళ్ళ కోసం పోగొట్టుకున్నాను.”

“పోలేదమ్మా,” అన్నాడాయన మెల్లిగా. “పొద్దస్తమానం పోయిన గొంతులే వింటున్నాను. పోయిన గొంతుకి వాక్యం మధ్యలో ఊపిరి చాలదు. మీకు వాక్యం అయ్యాక కూడా మిగులుతోంది.”

ప్రణమ్య వంటగదిలో గ్లాసు నింపుకుంటున్న చప్పుడు వినపడుతోంది. “రాసేస్తారా?” అంది. ఆ ఒక్క మాటా అసలు గొంతుతోనే వచ్చేసింది.

భీమశంకరం ఆ ఖంగుమన్న మాట విన్నాడు. తరవాత ఆ నిలువెత్తు మనిషి స్టూలు మీద కూలబడి, కీచుగొంతుతో, “నాక్కూడా నేర్పండమ్మా,” అన్నాడు. “పట్టికలో నాకు మాటే లేదు. ‘కీచు’ అని రాస్తే సర్వీసు పుస్తకం పాడవుతుందని ఖాళీగా వదిలేశారు. నా కింద చేరినవాళ్ళు నిండు గొంతులతో సూపరింటెండెంట్లయిపోయారు. ఇంట్లో మా పెద్దాడికి గొంతు విరిగింది, వాడు కూడా నా ముందు గంభీరంగా మాట్లాడుతున్నాడు.”

నవ్వాలో జాలిపడాలో రంజనికి తెలియలేదు. “గడ్డం దించండి,” అంది.

కానీ భీమశంకరం సాధన మొదలెడితే ఆ కీచు రెండు వీధులకి వినపడుతుంది, స్వర నిర్ధారణాధికారి ఫిర్యాదీ ఇంట్లో ఏం చేస్తున్నాడని గొడవవుతుంది. అందుకని వంటగదిలో కుళాయి పూర్తిగా తిప్పి, కింద ఇత్తడి గుండిగ పెట్టేవారు. ఆ హోరులో ఆయన “ఊఁ” అనేవాడు. “ఇంకా కిందకి” అనేది రంజని. “ఊఁ.” “ఇంకా. బావిలో బిందె మునిగినట్టు.” కొన్నాళ్ళకి మునిగింది. భీమశంకరం ఒక పొద్దున్న ఆఫీసుకెళ్ళి అటెండరుని “కాఫీ” అని అడిగితే, అటెండరు సెల్యూట్ కొట్టాడు. పదోన్నతి ఆ నెల్లోనే వచ్చింది.

కృతజ్ఞత తెలిసిన మనిషి. కొత్త హోదాలో, కొత్త గాంభీర్యంతో, మెడలో దండతో గొడుగుల వీధికి వచ్చాడు.

“మీ వీధి సేవలను గుర్తించి, మా విచక్షణాధికారమును వినియోగించి, మీకు శాశ్వత బొంగురు హోదా మంజూరు చేయడమైనది!”

జనం చప్పట్లు కొట్టారు. అప్పలకొండ అడిగింది: “అంటే, ఇంక తనికీలుండవేటి బావూ?”

“ఉంటాయి,” అన్నాడు భీమశంకరం, బావి అడుగునుంచి. “శాశ్వతంగా. నా స్థానంలో కొత్తాయన వచ్చాడు. చాలా చురుకైన చెవి.”

జనం చప్పట్లు ఆపెయ్యాలో వద్దో తెలియక ఇంకాసేపు కొట్టారు. పాత పైపు ముక్కల మీద ఎవరో కొత్తగా టార్పాలిన్ కప్పి వెళ్ళారు, వానకి పాడవకుండా.

ఆ సాయంత్రం ప్రణమ్య వంటగదిలోకి వచ్చింది. బడిలో చెప్పాల్సిన పాఠం ఏదో పట్టుకుని, “అమ్మా, నువ్వు చదివి వినిపించు. మైకులో చదివినట్టు చదవమంది టీచరు,” అంది. రంజని తలుపు వేసింది. కిటికీ వేసింది. కుళాయి చివరిదాకా తిప్పింది. తెల్లటి నీళ్ళు గుండిగలోకి హోరుమని పడుతుంటే, ఆ హోరు కింద, మడతపెట్టి దాచుకున్న గొంతు విప్పి చదవడం మొదలుపెట్టింది.

“అమ్మా, ఏం వినపడట్లేదు. కుళాయి కట్టెయ్.”

“కట్టకూడదమ్మా. దగ్గరికి రా.”

పాప వచ్చి అమ్మ మెడ చుట్టూ చేతులేసి, చెవి తెచ్చి నోటికి ఆనించింది. రంజని మొదటినుంచీ చదివింది, ఖంగుమనే ప్రతి అక్షరాన్నీ ఆ చిన్న చెవిలోకే పోస్తూ. గుండిగ నిండి పొర్లింది. నేలంతా నీళ్ళయ్యాయి. పాఠం అయిపోయింది.

“బాగుందా?” అంది రంజని.

“చాలా బాగుందమ్మా,” అంది ప్రణమ్య. తలుపులు మూసే ఉన్నాయి, వినేవాళ్ళెవరూ లేరు. అయినా ఆ మాట అచ్చమైన బొంగురు గొంతుతో వచ్చింది. “నీ గొంతు మామూలుగా లేదేంటమ్మా, జలుబు చేసిందా?”